“కనుక్కుని చెబుతాను” అనడం ముందు నేర్పండి

ఆవిడ అడిగింది చిన్న ప్రశ్న. “బాబూ, ఈ సాస్‌లో వేరుశనగ ఏమైనా ఉంటుందా? మావాడికి పడదు.” పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు మెనూ కార్డు తలకిందులుగా పట్టుకుని వెనక అట్ట మీద బొమ్మలు చూస్తున్నాడు. రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఒక్క టేబుల్ కూడా ఖాళీ లేదు. ఆ రెస్టారెంట్‌లో నేను సర్వర్‌గా చేరి అప్పటికి నాలుగు నెలలు.

కిచెన్ తలుపు దగ్గర నిలబడి కేకేశాను. “అన్నా, సాస్‌లో వేరుశనగ ఉందా?” మంట ముందు నుంచి తల తిప్పకుండానే జవాబు వచ్చింది. “లేదురా, వెళ్ళు.” నేను టేబుల్ దగ్గరికి వచ్చి, “ఏం లేదమ్మా, ధైర్యంగా పెట్టండి” అన్నాను. “లేదు” అన్నది వంటాయన మాట. “ధైర్యంగా” అన్నది మాత్రం ఎవరూ చెప్పమనకుండా నేను కలిపిన మాట. ఇన్నేళ్ళయినా నన్ను వదలని మాట అదే.

పావుగంట కూడా గడవలేదు. పిల్లవాడు పెదవులు గోక్కోవడం మొదలుపెట్టాడు. మెడ మీద దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకున్నాడు. తర్వాత ఊపిరిలో సన్నగా ఈల లాంటి చప్పుడు. తల్లి చేతులు వణుకుతున్నా సంచిలోంచి ఇంజెక్షన్ పెన్ను తీసి, ప్యాంటు మీదనుంచే వాడి తొడకి పొడిచింది. ఆ సమయంలో నేను చేసిన పని, పరిగెత్తుకెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తేవడం. ఆవిడ గ్లాసు పక్కకి తోసేసి, “నీళ్ళు కాదు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి!” అని అరిచింది.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు మొదట అడిగింది, వాడు తిన్నదాంట్లో ఏమేం ఉన్నాయని. ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పుడు నేను వెనక వైపుకి వెళ్ళి, చెత్తడబ్బా బోర్లించి, కూరగాయల తొక్కల మధ్య వెతికితే ఒక ఖాళీ సీసా దొరికింది. రోజూ వాడే సాస్ ఆ పూట దొరక్కపోతే సరుకులు తెచ్చే కుర్రాడు వేరే కంపెనీది తెచ్చాడు. రంగూ రుచీ దాదాపు ఒకటే. లేబుల్ మీద మూడో పేరు వేరుశనగ ముద్ద. చిక్కదనం కోసం కలుపుతారట. వంటాయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసిన సాస్‌లో వేరుశనగ లేదు. పొయ్యి పక్కన ఉన్నది ఆయనకి తెలిసిన సాస్ కాదు, అంతే.

పిల్లవాడు బతికాడు. తల్లి దగ్గర ఆ ఇంజెక్షన్ ఉండబట్టి బతికాడు. మా వల్ల కాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు కిచెన్‌లోనే పనిచేశాను. ఇప్పుడు రెస్టారెంట్ల సిబ్బందికి అలర్జీల గురించి శిక్షణ ఇస్తున్నాను. ఈ పనిలోకి వచ్చాక నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటుంది. శిక్షణ అంటే అలర్జీ కలిగించే పదార్థాల పేర్లు బట్టీ పట్టించడం అని చాలామంది యజమానులు అనుకుంటారు. పేర్లు తెలియాలి, కాదనను. కానీ అంతకన్నా ముందు నేర్పాల్సింది “నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను” అని కస్టమర్‌తో అనగలగడం. ఆ మాట అన్న సర్వర్‌ని ఎవరూ కసురుకోని చోటు తయారు చేయడం. దీనికి ఖర్చు దాదాపు లేదు, అయినా నేను వెళ్ళిన చాలా చోట్ల కనపడనిది ఇదే.

ఎందుకంత గట్టిగా అంటున్నానో ఒక సర్వే చెబుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 90 మంది రెస్టారెంట్ సిబ్బందిని ప్రశ్నించి, ఆ ఫలితాలను 2011లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. వాళ్ళలో 90 శాతం మందికి ఆహార పరిశుభ్రత మీద శిక్షణ ఉంది. అలర్జీల మీద ప్రత్యేకంగా శిక్షణ ఉన్నవాళ్ళు 33 శాతమే. రియాక్షన్ వచ్చినప్పుడు నీళ్ళు తాగిస్తే తిన్నది పలచబడుతుందని 38 శాతం మంది అనుకున్నారు. కొంచెం తింటే ఏమీ కాదని 23 శాతం మంది, తయారైన వంటకంలోంచి ఆ పదార్థం ఏరి పారేస్తే సరిపోతుందని 21 శాతం మంది, ఉడికిస్తే అలర్జీ రాదని 16 శాతం మంది అన్నారు. ఇవి చదివినప్పుడు నా చేతిలోని నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. అయితే ఆ సర్వేలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన అంకె వేరే ఉంది. అలర్జీ ఉన్నవాళ్ళకి సురక్షితంగా భోజనం పెట్టగలమన్న నమ్మకం తమకుందని చెప్పినవాళ్ళు 81 శాతం మంది.

శిక్షణ 33, నమ్మకం 81. ఈ రెంటి మధ్య ఉన్న తేడాలోనే మనుషులు చచ్చిపోతున్నారు. తెలియనివాడికి తనకి తెలియదని తెలిస్తే ప్రమాదం సగం తగ్గుతుంది. నా “ధైర్యంగా పెట్టండి” కూడా ఆ 81 శాతంలోదే.

పరిశుభ్రత శిక్షణ ఉన్నా అలర్జీ విషయంలో ఎందుకు తప్పు చేస్తారు అని ఒక యజమాని అడిగారు. మంచి ప్రశ్న. నా అనుభవంలో పరిశుభ్రత శిక్షణే కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. ఆ పాఠాలన్నీ క్రిముల గురించి. క్రిమి బతికి ఉన్న ప్రాణి. వేడి చేస్తే చస్తుంది, శానిటైజర్‌కి చస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే పెరగడం నెమ్మదిస్తుంది. పదేళ్ళుగా ఆ పాఠాలు విన్న వంటవాడి చేతికి, కళ్ళకి అదే లెక్క అలవాటైపోతుంది. “బాగా మరిగించాం కదా, ఇంకేముంటుంది?” అంటాడు. అలర్జీ తెచ్చేది మాత్రం ప్రొటీన్. దానికి ప్రాణం లేదు, చంపడానికి. మామూలు మనిషికి అది తిండి. అలర్జీ ఉన్న మనిషి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టే ఐజీఈ అనే యాంటీబాడీలను ముందే తయారు చేసి పెట్టుకుని ఉంటుంది. ఆ ప్రొటీన్ మళ్ళీ లోపలికి రాగానే హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. కొందరికి దురదతో పోతుంది. కొందరికి గొంతు వాస్తుంది, ఊపిరి ఆడదు, బీపీ పడిపోతుంది. దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పేరు 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే పెట్టారు. ఆ పరిశోధనకే 1913లో రిషేకి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఈ సంగతి నిన్న మొన్న కనిపెట్టింది కాదు, వందేళ్ళు దాటింది.

వేరుశనగని వేయిస్తే దాని ప్రభావం తగ్గదు సరికదా, పెరగవచ్చని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. గుడ్డు, పాలు బాగా బేక్ చేస్తే కొందరు తట్టుకుంటారన్నది నిజమే. కానీ ఎవరు తట్టుకుంటారో తేల్చాల్సింది డాక్టరు, పొయ్యి ముందున్న మనిషి కాదు. రొయ్యలు వేయించిన నూనెలోనే బంగాళాదుంపలు వేయిస్తే రొయ్యల ప్రొటీన్ ఆ నూనె ద్వారా బంగాళాదుంపలకి చేరుతుంది. నూనె ఎంత మరిగినా అంతే.

చేతుల సంగతి మరీ ముఖ్యం. 2004లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో కొందరి చేతులకి వేరుశనగ వెన్న పూసి రకరకాలుగా శుభ్రం చేయించి చూశారు. సబ్బుతో కడిగిన చేతుల మీద, తడి వైప్స్‌తో తుడిచిన చేతుల మీద ఆ ప్రొటీన్ ఆనవాలు దొరకలేదు. ఉత్త నీళ్ళతో కడిగినప్పుడు, శానిటైజర్ రాసుకున్నప్పుడు మాత్రం కొందరి చేతుల మీద మిగిలింది. శిక్షణలో ఈ ముక్క చెప్పగానే కిచెన్ సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రద్దీ వేళలో వాళ్ళు చేసేది అదే. సీసా నొక్కి, చేతులు రుద్దుకుని, తర్వాతి ప్లేటు అందుకుంటారు. శానిటైజర్ క్రిమిని చంపుతుంది. ప్రొటీన్‌ని అక్కడే ఉంచి పూస్తుంది. దాన్ని వదిలించాలంటే సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగేయాలి. గరిట, పటకారు, కత్తి, కటింగ్ బోర్డు, గిన్నెలు తుడిచే గుడ్డ, అన్నిటికీ ఇదే లెక్క. గుడ్డ సంగతి ఎవరికీ తట్టదు. బల్ల మీద ఒలికిన పాలు తుడిచిన గుడ్డతోనే ప్లేటు అంచు తుడిచి పంపడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

“తీసేసి ఇస్తే సరిపోదా?” అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. సలాడ్ మీద చల్లిన జీడిపప్పు ఏరి అదే సలాడ్ మళ్ళీ పంపడం, బన్ను మధ్యలోంచి చీజ్ ముక్క లాగేసి అదే ప్లేటు తిప్పి పెట్టడం. దీని గురించి మాత్రం నేను కాస్త కటువుగా మాట్లాడతాను. తప్పు ప్లేటు వెళ్తే అది చెత్తలోకి వెళ్ళాలి, మొదటి నుంచి కొత్తది తయారవ్వాలి. ఆ పాత ప్లేటు కొత్తది వచ్చేదాకా కస్టమర్ ముందే ఉంచితే ఇంకా మంచిది. అది కిచెన్‌కి తిరిగి వస్తే ఎవరో ఒకరు ఏరి పంపే ప్రమాదం ఉంది.

ఇక్కడిదాకా చెప్పిందంతా ఒక గంటలో నేర్పొచ్చు. వినేవాళ్ళు ఆసక్తిగా వింటారు, ప్రశ్నలు వేస్తారు. సంతకాలు పెడతారు, సర్టిఫికెట్ గోడకెక్కుతుంది. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అలర్జీ సమాచారం ఒక మనిషి తలలో ఉండే విషయం కాదు, చేతులు మారుతూ వెళ్ళే విషయం. కస్టమర్ నోటి నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి ఆర్డర్ కాగితానికి, అక్కడి నుంచి వంటవాడికి, ప్లేటు అందించేవాడికి, మళ్ళీ టేబుల్‌కి. వీళ్ళలో ఒక్కరికి తెలియకపోయినా మిగతా అందరి శిక్షణా వృథా. ఫోన్‌లో ఆర్డర్ తీసుకునే మనిషికీ, పార్సిల్ కట్టే కుర్రాడికీ, గిన్నెలు కడిగే ఆవిడకీ శిక్షణ ఇచ్చిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నిటికన్నా ముందు ఇవ్వాల్సింది సరుకులు కొనే మనిషికి. ఆ మనిషిని శిక్షణకి పిలవాలని ఎవరికీ తోచదు.

ఒక సంఘటన చెబుతాను. ఇది కోర్టు దాకా వెళ్ళింది, అందరికీ తెలిసిందే. 2014 జనవరిలో ఉత్తర ఇంగ్లండ్‌లో వేరుశనగ అలర్జీ ఉన్న ఒకాయన పార్సిల్ భోజనం తెచ్చుకున్నాడు. తన అలర్జీ సంగతి ముందే చెప్పాడు. సిబ్బంది విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, డబ్బా మూత మీద నట్స్ లేవని రాసి మరీ ఇచ్చారు. అది తిని ఆయన చనిపోయాడు. ఖర్చు తగ్గించుకోవడానికి యజమాని బాదం పొడి బదులు వేరుశనగ కలిసిన చవక పొడి కొనిపిస్తున్నాడు. అదే యజమాని మరో రెస్టారెంట్‌లో మూడు వారాల ముందే ఒక అమ్మాయికి రియాక్షన్ వచ్చింది, అధికారులు హెచ్చరించారు. అయినా సరుకు మారలేదు. 2016లో కోర్టు ఆ యజమానికి 6 సంవత్సరాల జైలుశిక్ష వేసింది.

నేను ఎప్పుడూ ఆ మూత దగ్గరే ఆగిపోతాను. ఆ మాట రాసిన చేయి ఎవరిదో గానీ, ఆ మనిషి తన పని తాను శ్రద్ధగా చేశాననే అనుకుని ఉంటాడు. సర్వర్లకి మాత్రమే శిక్షణ ఇస్తే జరిగేది ఇదే, మూత మీద రాత బాగుంటుంది. కొనుగోలులో మార్పు వస్తే అది కిచెన్‌కి చేరే దారి లేకపోతే ఆ రాత అబద్ధమవుతుంది.

అందుకే నేను వెళ్ళిన ప్రతి చోటా మొదట స్టోర్ రూమ్ చూపించమంటాను. డబ్బాల్లో పోసిన పొడులు, మసాలాలు చూస్తాను. అసలు ప్యాకెట్ ఏదంటే పారేశామంటారు. అక్కడ శిక్షణ మొదలుపెడతాను. ప్యాకెట్ విప్పి డబ్బాలో పోసే ముందు లేబుల్ కత్తిరించి ఆ డబ్బాకే అంటించండి, లేదా ఫోటో తీసి ఫైల్లో పెట్టండి. కంపెనీ మారినా, అదే కంపెనీ కొత్త ప్యాకింగ్‌తో వచ్చినా మళ్ళీ చదవండి. బదులు సరుకు వచ్చిందంటే ఆ షిఫ్ట్ మొదలయ్యే ముందే అందరికీ చెప్పండి. నన్ను చెత్తడబ్బా దగ్గర మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన సీసా ఇంకో కిచెన్‌లో ఎవరినీ అలా కూర్చోబెట్టకూడదని నా ఆరాటం.

ఏ పదార్థాలని చూడాలి అన్నదానికి చట్టాలు కొంతవరకు దారి చూపిస్తాయి. యూరోపియన్ యూనియన్ 14 రకాలను జాబితాలో పెట్టింది. గ్లూటెన్ ఉన్న గోధుమ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ, నత్తలూ ఆల్చిప్పలూ, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, నువ్వులు, ఆవాలు, సెలరీ, లూపిన్ అనే చిక్కుడు జాతి గింజ, ఇవి కాక నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు. 2014 డిసెంబర్ 13 నుంచి ప్యాక్ చేయని ఆహారానికి, అంటే రెస్టారెంట్ ప్లేటుకి కూడా, ఈ సమాచారం ఇవ్వడం అక్కడ తప్పనిసరి అయింది. అమెరికాలో ప్యాకెట్ల మీద రాయాల్సిన జాబితా 2004 చట్టంలో 8 రకాలతో మొదలైంది. 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోది అయ్యాయి. జాబితాలు దేశాన్ని బట్టి మారతాయి, కాలాన్ని బట్టి పెరుగుతాయి. జాబితాలో లేనిదానికి అలర్జీ ఉన్న మనిషి కూడా మీ టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. కాబట్టి “మీది మా లిస్టులో లేదు” అనేది జవాబు కాదు.

2017 ఏప్రిల్‌లో లండన్‌లో ఓవెన్ కేరీ అనే అబ్బాయి తన 18వ పుట్టినరోజున బయట రెస్టారెంట్‌లో భోజనం చేశాడు. పాల పదార్థాలు పడవు. ఆ సంగతి సిబ్బందికి చెప్పి చికెన్ ఆర్డర్ చేశాడు. ఆ చికెన్‌ని బటర్‌మిల్క్‌లో నానబెట్టారు. మెనూలో ఆ సంగతి లేదు, ఎవరూ చెప్పలేదు. గంటలోపే కుప్పకూలాడు, ప్రాణం దక్కలేదు. 2019లో విచారణ జరిపిన కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, మెనూ చదివితే ఏ ప్రమాదమూ లేదనిపించేలా ఉందని, అబ్బాయి తన అలర్జీ చెప్పినా అతనికి ఉన్న విషయం చెప్పలేదని తేల్చారు. ఆ కుటుంబం ఏళ్ళ తరబడి పోరాడింది. 2025 మార్చిలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అలర్జీ సమాచారం రాతలోనూ ఉండాలి, దాని మీద సిబ్బంది కస్టమర్‌తో మాట్లాడాలి కూడా.

“రాతా ఉండాలి, మాటా ఉండాలి” అన్నది నాకు చాలా నచ్చింది. రాత ఒక్కటే ఉంటే అది నిన్నటి సరుకు గురించి కావచ్చు. మాట ఒక్కటే ఉంటే అది మంట ముందు తల తిప్పకుండా వచ్చే జవాబు కావచ్చు.

మా రెస్టారెంట్‌లో ఆ పిల్లవాడికి అలా జరిగాక మా పాత యజమాని చేసింది ఒకటే. “అలర్జీ ఉన్నవారు ముందుగా తెలియజేయగలరు” అని గోడ మీద బోర్డు పెట్టించారు. ఆ తల్లి ముందుగానే తెలియజేసింది. తప్పు వినేవైపు జరిగితే బోర్డు చెప్పేవైపు పెట్టారు. అలాంటి బోర్డు వద్దని కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2009లో తెచ్చిన చట్టం ప్రకారం మెనూ మీద అటువంటి వాక్యమే ఉండాలి. కానీ దానితోపాటు సిబ్బంది కళ్ళ ముందు అలర్జీ పోస్టరు ఉండాలని, బాధ్యత గల మేనేజర్ అలర్జీ శిక్షణ పొందాలని కూడా ఆ చట్టం చెప్పింది. చెప్పమని అడిగినవాడు వినడానికి సిద్ధంగా ఉండాలి కదా.

యజమానులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. కొన్నిటికి నిజంగా బరువుంది. “మా దగ్గర మనుషులు మూడు నెలలకి మించి ఉండరు, ఎంతమందికని నేర్పను?” అన్నది అందులో మొదటిది. నిజమే. కాబట్టే ఏడాదికోసారి ఇచ్చే పెద్ద క్లాసు మీద నాకు నమ్మకం లేదు. షిఫ్ట్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు చాలు. ఇవాళ ఏ సరుకు మారింది, స్పెషల్ వంటకంలో ఏమేం ఉన్నాయి, అలర్జీ ప్రశ్నలకి ఇవాళ జవాబు చెప్పే మనిషి ఎవరు. ఆ మూడోది చాలా అవసరం. ప్రతి షిఫ్ట్‌కి ఒక్క మనిషి పేరు. కొత్తగా చేరిన కుర్రాడికి 14 పేర్లు రాకపోయినా ఫర్వాలేదు, ఎవరి దగ్గరికి పరిగెత్తాలో తెలిస్తే చాలు.

“చాలామంది ఏదైనా పదార్థం ఇష్టం లేకపోతే కూడా అలర్జీ అంటారు సార్, వాళ్ళ కోసం ఇంత చెయ్యాలా?” అన్నది ఇంకొకటి. అలా అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద నాకూ కోపం ఉంది, ఎందుకంటే వాళ్ళ వల్ల నిజంగా ప్రాణం మీదికొచ్చే మనిషి మాట తేలికైపోతుంది. అయినా టేబుల్ దగ్గర నిలబడి ఎవరిది నిజం, ఎవరిది కాదు అని తేల్చే పని సర్వర్‌ది కాదు. ఇష్టం లేనివాడిని నమ్మితే ఒక పెనం అదనంగా కడుగుతాం. అలర్జీ ఉన్నవాడిని నమ్మకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూడో రకం వాళ్ళు తెలివైన దారి కనిపెట్టామనుకుంటారు. ఏది అడిగినా “మా కిచెన్‌లో అన్నీ వాడతాం, గ్యారంటీ ఇవ్వలేం” అని ఒకే మాట చెప్పమని సిబ్బందికి నేర్పుతారు. కనుక్కున్న తర్వాత “దీన్ని మీకు సురక్షితంగా చేయలేం” అంటే అది నిజాయితీ, దాన్ని నేను గౌరవిస్తాను. చిన్న కిచెన్‌లో ఒకే నూనె, ఒకే పెనం ఉన్నప్పుడు అదే సరైన జవాబు. కనుక్కునే శ్రమ తప్పించుకోవడానికి అదే మాట వాడితే మాత్రం, ఆ మాటకి విలువ పోతుంది. అన్ని చోట్లా అదే వినీ వినీ విసిగిన మనిషి ఒక రోజు ఏదైతే అదవుతుందని తినేస్తాడు. అలా తినేది ఎక్కువగా స్నేహితుల మధ్య ఉన్న కుర్రకారు. పదిమందిలో అడగడానికి మొహమాటపడే వయసు అది.

రియాక్షన్ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా శిక్షణలో ఆచరణలో చేయించాలి, చెప్పి వదిలేస్తే పని జరగదు. ఆహారం వల్ల వచ్చిన అనాఫిలాక్సిస్‌తో చనిపోయినవారి మీద 2000లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తిన్నప్పటి నుంచి ఊపిరి లేదా గుండె ఆగేవరకు పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు, అంటే దాదాపు సగం మందికి అంతలోపే ఆగిపోయింది. బిల్లు రావడానికి కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ మనిషిని లేపి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు మీద ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి. వాళ్ళ దగ్గర ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇంజెక్షన్ పెన్ను ఉంటే తొడ బయటి వైపు, బట్టల మీదనుంచే ఇవ్వొచ్చు. అలర్జీ మాత్ర వేసి చూద్దాం అని ఆగకూడదు. ఆ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు. అంబులెన్స్‌కి ఫోన్ చేసినప్పుడు “అనాఫిలాక్సిస్” అనే మాటే వాడాలి. ఐదు నిమిషాలకి తగ్గకపోతే, రెండో ఇంజెక్షన్ ఉంటే అది కూడా ఇవ్వాలి. ఇంకొకటి. ఒంట్లో బాగోలేక సిగ్గుపడి బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకునేవాళ్ళుంటారు. వాళ్ళని ఒంటరిగా వదలొద్దు.

నేను క్లాసులో ఇదంతా నటింపజేస్తాను. ఒకరు నేల మీద పడుకుంటారు, ఒకరు ఫోన్ చేస్తారు, ఒకరు లేబుల్ ఫైల్ తెస్తారు, ఒకరు బయట నిలబడి అంబులెన్స్‌కి దారి చూపిస్తారు. మొదట నవ్వుతారు. రెండోసారి నవ్వరు. ప్రతిసారీ ఎవరో ఒకరు అలవాటుగా నీళ్ళ గ్లాసు తెస్తారు. అప్పుడు నేను నా కథ చెబుతాను.

క్లాసు అయిపోయాక సిబ్బందిని పంపేసి యజమానితో విడిగా పది నిమిషాలు కూర్చుంటాను. ఆయనకి ఒకటే చెబుతాను. రద్దీలో మీ సర్వర్ వచ్చి “అన్నా, ఒకసారి లేబుల్ చూసి చెప్పు” అన్నప్పుడు వంటవాడు విసుక్కుంటే మీరు ఎవరి వైపు నిలబడతారో సిబ్బంది చూస్తూ ఉంటారు. ఆ ఒక్క సాయంత్రం వాళ్ళు నేర్చుకున్నది నా క్లాసులన్నిటికన్నా బలంగా నిలుస్తుంది. నేను ఆ రోజు కిచెన్ తలుపు దగ్గర రెండోసారి ఎందుకు అడగలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అంతకుముందు వారం ఇంకేదో అడిగితే “కొత్తోడివి, ఎక్కువ అడక్కు” అని అందరి ముందూ తిట్టారు. అందుకని అడగలేదు.

కిందటి నెల శిక్షణ ఇచ్చిన ఒక చోటికి మొన్న ముందుగా చెప్పకుండా వెళ్ళి ఓ మూల కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన సూప్‌లో పాలు కలుస్తాయా అని అడిగారు. చేరి వారం కూడా కాలేదనిపించే ఒక అమ్మాయి, చేతిలో మూడు ప్లేట్లతో ఉంది. “నాకు తెలియదండీ. కనుక్కుని వస్తాను, అప్పటిదాకా ఆర్డర్ ఆపుతాను” అంది. గొంతులో టెన్షన్ ఉంది, అయినా ఆ మాట పూర్తిగా అంది. ప్లేట్లు దించి లోపలికి వెళ్ళింది. తలుపు ఊగుతున్న సందులోంచి కనపడింది. వంటాయన మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, అల్మారా మీది ఫైల్ అందుకున్నాడు.

నాలుగు నిమిషాల తర్వాత ఆ అమ్మాయి ఫైల్‌తో సహా బయటికి వచ్చింది. సూప్‌కి వాడే పొడి ప్యాకెట్ లేబుల్ ఫోటో మీద వేలు పెట్టి పెద్దాయనకి చూపించింది. “పాలపొడి ఉందండీ. ఇది మీకు వద్దు. ఇంకోటి చూద్దామా?” ఆయన కళ్ళజోడు సర్దుకుని, లేబుల్ మొత్తం ఒకసారి చదువుకుని, మెనూ మళ్ళీ తెరిచారు.